లెక్కింపు నుంచి నిరంతర పరిశీలనకు: ఉద్దానం మూత్రపిండ వ్యాధి పరిశోధనలు – డచ్చి అనుభవం – ఒక విమర్శ

వ్యాససంగ్రహం
శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎంతమందిలో ఉందో పరిశోధనలు చెప్పగలిగాయి. అది ఎవరిలో, ఎప్పుడు, ఏ పరిస్థితుల్లో మొదలవుతుందో ఇంకా తేల్చలేదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ నగరంలో జరిగిన ‘ప్రివెండ్’ అధ్యయనంతో పోల్చి, ఈ లోటుకు గల పద్ధతిపరమైన కారణాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఉద్దానం, మూత్రపిండ వ్యాధి, ప్రజారోగ్యం, గ్రోనింగెన్, సమాజం.

1. ఉపోద్ఘాతం
కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో విస్తరించిన ఉద్దానం కొబ్బరి, జీడి, పనస తోటల సీమ. ‘ఉద్యానవనం’ అనే మాట నుంచే ఈ పేరు ఏర్పడిందని ప్రతీతి. మధుమేహం వంటి పరిచిత కారణాలేవీ లేనివారిలో కూడా ఇక్కడ మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. శ్రీలంకలో వరి రైతులు, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కూలీలు ఇటువంటి వ్యాధికే గురవుతున్నారు. వైద్య పరిభాషలో దీన్ని ‘కారణం తెలియని’ వ్యాధి అంటారు. కారణం తెలియకపోవడంలో వ్యాధి స్వభావం పాత్ర ఎంత, పరిశోధన పద్ధతి పాత్ర ఎంత అన్నది విమర్శకు అర్హమైన ప్రశ్న.

2. లెక్క చెప్పినది, చెప్పనిది
విశాఖపట్నానికి చెందిన మూత్రపిండ వైద్యుడు టి. రవిరాజు బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో ముఖ్యమైనవి. రెండవ అధ్యయనంలో పరీక్షించినవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి వ్యాధి ఉన్నట్లు తేలింది. గ్రామీణుల అనుభవానికి శాస్త్రప్రమాణం కల్పించడం ఈ అధ్యయనాల ఘనత.

అయితే ఇవి ప్రధానంగా వ్యాప్తిని కొలిచిన అధ్యయనాలు. ఒక కాలంలో రోగులు ఎందరున్నారో చెప్పే సంఖ్య రెండు విషయాలపై ఆధారపడుతుంది: కొత్తగా ఎందరు రోగులవుతున్నారు, రోగులు ఎంతకాలం జీవిస్తున్నారు. డయాలసిస్ సౌకర్యం పెరిగి రోగుల ఆయుర్దాయం పెరిగితే, కొత్త రోగులు తగ్గుతున్నా వ్యాప్తి తగ్గకపోవచ్చు. ఆరోగ్యవంతులుగా ఉన్నవారిని ఏళ్ల తరబడి గమనిస్తేనే ఈ రెండింటినీ వేరుచేయగలం.

3. గ్రోనింగెన్ అనుభవం
డచ్చి పరిశోధకులు 1997–98లో గ్రోనింగెన్‌లోని 28 నుంచి 75 ఏళ్ల వయసుగల 85,421 మందికి ఒక ప్రశ్నావళిని, ఉదయపు మూత్రం నింపి పంపడానికి ఒక చిన్న సీసాను పంపారు. 40,856 మంది స్పందించారు. వారి నుంచి ఎంపిక చేసిన 8,592 మందిని కొన్నేళ్లకొకసారి మళ్లీ పిలిచి పరీక్షించారు. మూత్రంలో స్వల్పంగా పోయే ఆల్బుమిన్ కూడా భావి గుండెజబ్బులకూ మూత్రపిండాల క్షీణతకూ సూచిక అని గుర్తించడంలో ఈ అధ్యయనం కీలకపాత్ర వహించింది.

ఈ నమూనాకు పరిమితులున్నాయి. పిలుపు అందినవారిలో సగానికి పైగా స్పందించలేదు. పైగా దాని వెనుక కచ్చితమైన చిరునామాలు, నమ్మదగిన తపాలా వ్యవస్థ, దాదాపు ప్రతి పౌరుడికీ ఒక కుటుంబ వైద్యుడు ఉన్నారు. పరిశోధన పద్ధతిగా కనిపించే దానిలో అధికభాగం నిజానికి ఆ సమాజపు ఏర్పాటే.

4. స్వీకరించవలసినది ఏది?
గ్రోనింగెన్ పద్ధతిని యథాతథంగా ఉద్దానానికి తెస్తే అది విఫలమవుతుంది. ఉద్దానం వ్యాధి ప్రధానంగా మూత్రపిండ నాళికలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని దెబ్బతీస్తుంది. తొలిదశల్లో మూత్రంలో ఆల్బుమిన్ తక్కువగానే పోతుంది. కాబట్టి మూత్రపరీక్షనే ప్రాతిపదికగా తీసుకుంటే రోగుల్లో చాలామంది ఆరోగ్యవంతుల జాబితాలో చేరిపోతారు. ఇక్కడ రక్తంలోని క్రియాటినిన్‌ను పదేపదే కొలవక తప్పదు. డచ్చి వారి నుంచి తీసుకోవలసినది ఆ సీసా కాదు. అవే మనుషుల దగ్గరకు మళ్లీ మళ్లీ వెళ్లే ఓర్పు.

5. పట్టికలో ఇమడని సమాజం
ఈ తరహా సర్వేల్లో సమాజం వృత్తి, విద్య, తాగునీటి ఆధారం అనే గడులుగా మారుతుంది. ‘వ్యవసాయ కూలీ’ అన్న ఒక్క గడిలో ఎండలో గడిపిన గంటలు, తాగని నీరు, ఒళ్లునొప్పులకు మింగిన మాత్రలు అన్నీ కలిసిపోతాయి. కారణాలుగా అనుమానిస్తున్నవి సరిగ్గా ఇవే.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసింది. తోటపని కోల్పోయిన మనిషి వృత్తి, కొన్నిసార్లు ఊరు కూడా మారతాయి. శ్రీకాకుళం, విజయనగరం తీరాల మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్తారు. ఇంటింటికీ తిరిగే సర్వే ఇంట్లో ఉన్నవారినే లెక్కిస్తుంది. వలస వెళ్లినవారు లెక్కకు అందరు. పరీక్షకు వచ్చే కూలీకి ఆ రోజు కూలి పోతుందన్న విషయం కూడా పాల్గొనేవారి సంఖ్యను నిర్ణయిస్తుంది. వీటిని ‘ఆటంకాలు’గా పక్కన పెట్టకుండా పరిశోధనాంశాలుగా స్వీకరించాలి.

6. ముగింపు
2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి సుమారు 700 కోట్ల రూపాయల తాగునీటి పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. నీరే కారణమని రుజువు కాకముందే మంచినీరు ఇవ్వడం సమంజసమే; రుజువు కోసం దాహం ఆగదు. కానీ ఆ నీరు వ్యాధిని తగ్గించిందా అన్న ప్రశ్నకు రోగుల లెక్క జవాబు చెప్పలేదు. ఇప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలు మంచినీటితో కోలుకోవు. నేడు ఆరోగ్యంగా ఉన్న యువతరం పదేళ్ల తరువాత ఎలా ఉంటుందన్నదే అసలైన కొలమానం.

బాల్కన్ ప్రాంతంలో 1950లలో వర్ణితమైన ఇటువంటి వ్యాధికి ఒక మొక్కలోని విషపదార్థం కారణమని బలమైన ఆధారాలు 2007 నాటికి గాని లభించలేదు. ఉద్దానానికి అంత నిరీక్షణ తప్పాలంటే, పలాస కేంద్రం చికిత్సతోపాటు ఊళ్లలోని ఆరోగ్యవంతుల జాబితాను కూడా తయారుచేసి, వలస వెళ్లినవారి జాడ సహా ఏటా నవీకరించాలి. ఊరి పేరే వ్యాధి పేరుగా మారిన ప్రజలకు పరిశోధన తీర్చవలసిన బాకీ అది.