కత్తి సరే, కూడు ఎవరు పెట్టారు?

యుద్ధకాలపు పిల్లల కథ ఏది చేతికొచ్చినా నేను ముందు వెతికేది ఒక్కటే: ఆ పిల్లలకు పూట ఎట్లా గడిచింది? ఈ ప్రశ్న పట్టుకుని పోతే ఇంగ్లండులో వచ్చిన ఒక నవలా, జపానులో వచ్చిన ఒక కథా, బనగానపల్లె పక్కన కోయిలకుంట్ల సీమలో పాడుకునే వీరగాథా ఒక్కచోట చేరతాయి.

ఇయాన్ సెరాలియర్ బడిపంతులు. క్వేకరు కాబట్టి రెండో ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టనని నిలబడ్డవాడు. 1956లో ఆయన రాసిన ‘ది సిల్వర్ స్వోర్డ్’లో వార్సా నగరపు పిల్లలు రూత్, ఏడెక్, బ్రోనియా నాజీల వల్ల తల్లిదండ్రులకు దూరమవుతారు. జాన్ అనే అనాథ వాళ్లతో కలుస్తాడు. అందరూ స్విట్జర్లాండు దారి పడతారు. పేరులో కత్తి ఉన్నా అది కాగితాలు కోసుకునే చిన్న చాకు. కథను నడిపేది తిండి. పోజ్నాన్‌లో శరణార్థుల వంటశాల దగ్గర కూర ఒలికిపోతుంది, నేలపాలైన ముక్కల కోసం పిల్లలు ఒకరి మీద ఒకరు పడతారు. అంతకుముందే తప్పిపోయి, అక్కచెల్లెళ్లు ఎన్నాళ్లుగానో వెతుకుతున్న ఏడెక్ ఆ కుమ్ములాటలోనే బయటపడతాడు. ఇంకెవరైనా అయితే ఆ కలయికను కన్నీళ్లతో ముంచేసేవారు. సెరాలియర్ దాన్ని ఆకలి దగ్గరే ఉంచాడు, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే. లోపం కూడా ఉంది. మంచివాళ్లు సరిగ్గా వేళకు తగులుతుంటారు. బవేరియా రైతు ఇంట్లో చోటు దొరుకుతుంది, చివరికి అమ్మానాన్నలూ దొరుకుతారు.

అకియుకి నొసాకా 1967లో రాసిన ‘మిణుగురుల సమాధి’లో ఆ వరస లేదు. పద్నాలుగేళ్ల సెయిటా, నాలుగేళ్ల చెల్లెలు సెత్సుకో. కోబే మీద బాంబులు పడి తల్లి పోయింది. పిన్ని వరసయ్యే ఆవిడ ఇంట చేరితే పెట్టిన ప్రతి ముద్దకూ మాట పడాలి. పౌరుషం కొద్దీ పిల్లవాడు చెల్లెల్ని తీసుకుని బయటికొస్తాడు, ఇద్దరూ మిగలరు. నొసాకా పెంపుడు చెల్లెలు ఆ రోజుల్లో తిండి చాలకనే పోయింది. అందుకేనేమో, పిల్లవాడి చావును కథ మొదట్లోనే చెప్పేశాడు, బతుకుతారన్న ఆశ మనకు మిగల్చలేదు. దర్శకుడు తకహత ఈ కథతో 1988లో తీసిన సినిమాలో సెత్సుకో మట్టి ముద్దలు చేసి అన్నకు అన్నమని పెడుతుంది. సెరాలియర్ లోకంలో పరాయివాళ్లు పిలిచి పెడతారు, నొసాకా లోకంలో అయినవాళ్లు గింజలు లెక్కపెడతారు. నిజానికి దగ్గరగా ఉన్నది నొసాకాయే. అయినా పదేళ్ల పిల్లల చేతికి నేను ముందు సెరాలియర్‌నే ఇస్తాను. మనుషుల మీద నమ్మకం కుదిరాక నొసాకాను చదివితే అందులో ఎంత పోయిందో తెలుస్తుంది.

ఇక మొదట చెప్పిన వీరగాథ, కోయిలకుంట్ల సీమ ఉన్న రేనాటిది. 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఇంగ్లీషువాళ్లు ఆయన్ని అక్కడే ఉరితీశారు. తనకు రావలసిన 11 రూపాయల 10 అణాల 8 పైసల తవర్జీ, అంటే భరణం, దగ్గర రాజుకున్న కోపం అది. వెంట నడిచిన కట్టుబడులు, అంటే ఊరి కావలివాళ్లు, పోగొట్టుకున్నవి ఇనాం పొలాలు. అంటే ఆ తిరుగుబాటు వేళ్లు జొన్నచేలో ఉన్నాయి. పిల్లలకు చెప్పేటప్పుడు మాత్రం మనం గుర్రం దగ్గరా కత్తి దగ్గరా ఆగిపోతాం. ఆయన కుటుంబాన్ని కడప లాల్ బంగ్లాలో పెట్టారనీ, మొహర్రం రాత్రి మారువేషంలో వచ్చి విడిపించుకుపోయాడనీ చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గోడ లోపల ఉన్న పిల్లల మీదికే మనసు పోతుంది. పీర్లగుండం, తప్పెట్లు బనగానపల్లె పిల్లలకు కొత్త కాదు. ఆ చప్పుడును బందీగా ఉన్న ఒక పిల్ల చెవితో వినిపిస్తే చాలు, కథ వాళ్లదైపోతుంది. మనం వినిపించేది మాత్రం బయటి గుర్రపు డెక్కలనే.

అన్నం పెట్టిన మనిషి మనకు లేక కాదు. అదే ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టాడు, విక్టోరియా రాణి పేరిట బంగారు పతకం అందుకున్నాడు. ఈ ఇద్దరి మీదా పాటలున్నాయి. ఇద్దర్నీ కలిపి ‘రేనాటి సూర్యచంద్రులు’ అన్నారు తంగిరాల వెంకట సుబ్బారావు. ఆ జంట చాలా సరైనది. కానీ వెంగళరెడ్డి పాటలో కూడా మనకు కనబడేది పెట్టినవాడి చెయ్యి. పంక్తిలో కూర్చున్న పిల్ల మొహం కనబడదు. తమ్ముడికి దాచిపెట్టాలా, తానే తినాలా అని ఆ పిల్ల తేల్చుకునే ఘడియ సెరాలియర్‌కు ఒక అధ్యాయం అయ్యుండేది, నొసాకాకైతే మొత్తం కథే.

రేనాటి పిల్లల వైపు నుంచి పుస్తకం రాయబోయేవాళ్లు ఉరికంబంతో మొదలుపెట్టనక్కరలేదు. ఇనాం పోయిన ఏడాది ఒక కట్టుబడి ఇంట్లో సంగటి ఎన్ని పూటలు ఉడికిందో, నాన్న నల్లమల ఎక్కాక ఆ పూటలు ఎన్నికి తగ్గాయో అక్కడినుంచి అందుకోవచ్చు. నరసింహారెడ్డి ఆ ఇంటి గడప దాటి లోపలికి రాకపోయినా నష్టం లేదు.