పుర్రె ఎవరిది? సమకాలీన కళలోనూ డిజైన్‌లోనూ బీభత్సం

1. పరిచయం

మీ వీధిలో కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిలించిన రేకు బోర్డును ఒకసారి గుర్తుచేసుకోండి. ఒక పుర్రె, అడ్డంగా రెండు ఎముకలు, ఎన్ని వోల్టులో తెలిపే అంకె. ముట్టుకుంటే ప్రాణం పోతుందని చదువు రానివారికి కూడా ఆ బొమ్మ చెబుతుంది. డిజైన్ పరంగా ఇంత సూటిగా పనిచేసే గుర్తులు తక్కువ. ఇదే పుర్రెను బ్రిటిష్ ఫ్యాషన్ డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ 2003లో పల్చని స్కార్ఫు మీద అచ్చువేశాడు. తర్వాతి కాలంలో అది ఆయన సంస్థకే ఒక గుర్తుగా నిలిచింది. బోర్డు మీది పుర్రె దూరంగా ఉండమంటుంది. స్కార్ఫు మీది పుర్రె దగ్గరకు రమ్మంటుంది.

ఈ రెండూ బొమ్మలే. వాటి వెనుక చనిపోయిన మనిషి ఎవరూ లేరు. కానీ గత మూడు నాలుగు దశాబ్దాలలో కొందరు కళాకారులు నిజమైన ఎముకలను, మృతుల చెప్పులను, శవాలను కడిగిన నీళ్లను తమ కృతులలో వాడారు. అటువంటి కృతులకు విలువకట్టడం ఎలా? అవి మనల్ని ఎంత భయపెట్టాయన్నది సరైన కొలత కాదని, తమలో ఉన్న మృతుణ్ణి అవి ఎలా చూశాయన్నదే అసలు కొలత అని ఈ వ్యాసం వాదిస్తుంది.

2. బీభత్సం, గగుర్పాటు, సాధారణీకరణం

భరతుడు నాట్యశాస్త్రంలో భయానకానికి భయాన్ని, బీభత్సానికి జుగుప్సను స్థాయీభావాలుగా చెప్పిన సంగతి మీకు తెలుసు. గగుర్పాటు ఈ రెండింటికీ కొంత భిన్నం. అక్కడ భయంకరమైనదేదీ కంటికి కనిపించకపోవచ్చు. బాగా ఎరిగిన వస్తువే ఉన్నట్టుండి పరాయిదిగా తోస్తుంది. మనోవిశ్లేషణ శాస్త్రవేత్త సిగ్మండ్ ఫ్రాయిడ్ 1919లో రాసిన ఒక వ్యాసంలో ఈ అనుభవాన్నే చర్చించాడు.

అభినవగుప్తుడు వివరించిన సాధారణీకరణం ఇక్కడ మనకు పనికివస్తుంది. రంగస్థలం మీది శోకం ఫలానా మనిషి సొంత శోకంగా మిగలదు. వ్యక్తి, దేశం, కాలం అనే హద్దులు తొలగిపోవడం వల్లనే ప్రేక్షకుడు దానిని రసంగా ఆస్వాదించగలుగుతాడు. అయితే నాటకంలో చనిపోయిన పాత్రధారి తెర పడగానే లేచి ఇంటికి వెళతాడు. ప్రదర్శనశాలలో ఉన్న ఎముక అలా లేచి వెళ్లదు. అది నిజంగా ఒకరిది. ఆ ఒకరిని మరచిపోయి ‘మరణం’ అనే సామాన్య భావాన్ని మాత్రమే ఆస్వాదించడం సబబేనా? ఈ ప్రశ్నతో కొన్ని కృతులను పరిశీలిద్దాం.

3. వజ్రాల పుర్రె

బ్రిటిష్ కళాకారుడు డేమియన్ హర్‌స్ట్ 2007లో ‘ఫర్ ది లవ్ ఆఫ్ గాడ్’ అనే శిల్పాన్ని లండన్‌లో ప్రదర్శించాడు. పద్ధెనిమిదో శతాబ్దపు మానవ పుర్రె ఒకటి కొని, దానికి ప్లాటినంతో అచ్చు తీయించి, దాని మీద 8,601 వజ్రాలు పొదిగించాడు. పళ్లు మాత్రం అసలు పుర్రెవే. అడిగిన ధర 5 కోట్ల పౌండ్లు.

ఈ శిల్పానికి ఒక సంప్రదాయం ఉంది. పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారులు పుర్రె, కొవ్వొత్తి, ఇసుక గడియారం పక్కపక్కన పెట్టి, సంపద శాశ్వతం కాదని హెచ్చరించే నిశ్చల చిత్రాలు గీసేవారు. హర్‌స్ట్ హెచ్చరికనూ సంపదనూ ఒకే వస్తువులో కలిపాడు. చావు ముందు డబ్బు ఎంత హాస్యాస్పదమో ఈ పుర్రె చెబుతుందని కొందరు అంటారు. ఆ వాదనలో కొంత నిజముంది. వజ్రాల తళుకుల కింద పళ్లు ఇకిలించడం ఒక గట్టి వ్యంగ్యమే.

అయితే ఆ పళ్లు ఎవరివి? కృతికి ఆ ప్రశ్నతో పనిలేదు. మరో పుర్రె దొరికినా శిల్పం ఇలాగే ఉండేది. హర్‌స్ట్ 1991లో ఫార్మాల్డిహైడ్ ద్రావణంలో ఉంచిన సొరచేప విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. అది క్రమంగా పాడైపోతే 2006లో మరో సొరచేపను తెచ్చి పెట్టారు. కృతి పేరు మారలేదు. హర్‌స్ట్ దగ్గర సాధారణీకరణం సంపూర్ణంగా జరుగుతుంది. మరణం అందరిదీ అవుతుంది, అందువల్ల ఎవరిదీ కాకుండా పోతుంది. పళ్లు ఇచ్చిన మనిషి ముడిసరుకుగా మిగులుతాడు.

4. గోడలోని చెప్పులు, గాలిలోని బుడగలు

కొలంబియా కళాకారిణి డోరిస్ సాల్సెడో 1990ల మొదట్లో ‘అత్రాబిలియారియోస్’ అనే కృతిని ప్రారంభించింది. ఆ దేశపు హింసలో అదృశ్యమైనవారి కుటుంబాలను ఆమె కలిసింది. వారు ఇచ్చిన పాదరక్షలను, ఎక్కువగా స్త్రీలవి, గోడలో తొలిచిన చిన్న గూళ్లలో ఉంచింది. గూటి ముఖానికి జంతువు మూత్రాశయపు పల్చని పొరను కప్పి, శస్త్రచికిత్సకు వాడే దారంతో గోడకు కుట్టింది. పొర వెనుక చెప్పులు మసకగా కనిపిస్తాయి. రక్తం లేదు, ఎముక లేదు. అయినా ఒళ్లు జలదరిస్తుంది. చెప్పు అరిగిన తీరులో ఒక నడక ఉంటుంది. ఆ నడక ఫలానా మనిషిది. శవం దొరకని కుటుంబానికి దుఃఖం ముగియదు. మానని గాయానికి వేసిన కుట్లలా ఆ దారం కనిపిస్తుంది. ఇక్కడ ఒక జత చెప్పులకు బదులు మరో జత పెట్టడం కుదరదు.

మెక్సికో కళాకారిణి తెరెసా మార్గోయెస్ ఇంకా కఠినమైన దారి ఎంచుకుంది. ఆమె న్యాయవైద్యం చదువుకుని శవాగారంలో పనిచేసింది. 2003 నాటి ‘గాలిలో’ అనే కృతిలో ఖాళీ గది పైనుంచి సబ్బు బుడగలు రాలుతుంటాయి. పిల్లలు వాటి వెంట పరుగెత్తవచ్చు. ఆ తర్వాత గోడ మీది వివరం చదివితే, శవపరీక్షకు ముందు మృతదేహాలను కడిగిన నీటిని శుద్ధిచేసి ఆ బుడగలు చేశారని తెలుస్తుంది. అప్పటికే ఒక బుడగ మన చేతి మీద పగిలి ఉంటుంది. చూసేవారికి ‘నాకేం సంబంధం?’ అనే వెసులుబాటు మిగలదు.

ఈ కృతి మీద న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. ఆ మృతులు అనుమతి ఇవ్వలేదు. వారి పేర్లూ మనకు తెలియవు. కృతి శక్తి అంతా ఆ నీటిదే అయితే, కళాకారిణి కూడా మృతులను వాడుకున్నట్టే కదా? ఈ అభ్యంతరాన్ని పూర్తిగా కొట్టివేయలేం. కానీ హర్‌స్ట్ పుర్రెకు తన చావు కథ అక్కరలేదు. మార్గోయెస్ నీటికి అదే ప్రాణం. ఆ మనుషులు హింసకు బలైన సమాజాన్ని తీసేస్తే ఆ కృతిలో సబ్బునీరు తప్ప ఏమీ ఉండదు.

5. స్టీలు పాత్రల పుర్రె

భారతీయ కళాకారుడు సుబోధ్ గుప్తా 2006లో చేసిన ‘వెరీ హంగ్రీ గాడ్’ ఒక బ్రహ్మాండమైన పుర్రె. దానిలో మానవ అవశేషం ఏదీ లేదు. మన వంటింట్లో ఉండే స్టీలు గిన్నెలు, బకెట్ల వంటి పాత్రలే దానికి ఎముకలు. అన్నం పెట్టే పాత్ర ఆకలిచావు ముఖంగా మారడంలోనే గగుర్పాటు ఉంది. ఫ్రాయిడ్ చెప్పిన, ఎరిగిన వస్తువే పరాయిదవడం అంటే ఇదే.

ఈ కృతి చరిత్ర మనకు మరో పాఠం చెబుతుంది. దానిని మొదట పారిస్‌లోని సాఁ బెర్నార్ చర్చిలో ప్రదర్శించారు. సరైన పత్రాలు లేని వలసదారులు 1996లో ఆశ్రయం పొందింది, పోలీసులు వారిని బలవంతంగా ఖాళీ చేయించింది ఆ చర్చిలోనే. అక్కడ ఆ ఖాళీ పాత్రలకు ఆకలిగొన్నవారి ముఖాలు తోడయ్యాయి. తర్వాత అదే పుర్రె వెనిస్ నగరంలో, ఒక సంపన్న సేకర్త మ్యూజియంగా మార్చిన భవనం ముందు, కాలువ ఒడ్డున మెరిసింది. అక్కడ అది హర్‌స్ట్ పుర్రెకు దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది. పాత్రలు మారలేదు, చోటు మారింది. కాబట్టి ఒక కృతి మృతులను గౌరవిస్తుందా లేదా అన్నది ఒకసారి తేలిపోయే విషయం కాదు. ప్రదర్శించిన ప్రతిచోటా ఆ ప్రశ్నను మళ్లీ అడగాలి.

6. ముగింపు

బీభత్సాన్ని చిత్రించిన కృతి ఎదురైనప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరి మరణం? ఈ వస్తువు ఇక్కడికి ఎలా వచ్చింది? దీనిని చూస్తున్న నేను ఎక్కడ నిలబడి ఉన్నాను? మొదటి ప్రశ్నకు జవాబు అక్కరలేని కృతి మనల్ని అబ్బురపరచవచ్చు. ఆ జవాబు కోసం మనల్ని వెతికించే కృతి మాత్రం ప్రదర్శనశాల దాటాక కూడా మన వెంట వస్తుంది. రససిద్ధాంతాన్ని పక్కనపెట్టమని దీని అర్థం కాదు. నటించిన మరణానికీ నిజమైన అవశేషానికీ ఉన్న తేడాను గుర్తించి, ఆ సిద్ధాంతాన్ని జాగ్రత్తగా వాడమని మాత్రమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సాధారణీకరణం అంటే ఏమిటి? హర్‌స్ట్, సాల్సెడో కృతులకు దానిని అన్వయించి చూపండి.
2. మార్గోయెస్ కృతి మీద వచ్చే నైతిక అభ్యంతరాన్ని మీరు అంగీకరిస్తారా? కారణాలు రాయండి.
3. మీ పరిసరాలలో మరణాన్ని సూచించే ఒక గుర్తును లేదా వస్తువును ఎంచుకుని, పై మూడు ప్రశ్నల ఆధారంగా ఒక పేజీ విమర్శ రాయండి.