గ్రంథాలయం ఎవరిది?

మన దేశంలో గ్రంథాలయాన్ని గురించి మాట్లాడేవారు సామాన్యంగా రెండు ధోరణులలో మాట్లాడుతారు. గ్రంథాలయం సరస్వతీ మందిరమనీ, దానిని స్థాపించినవారు పుణ్యపురుషులనీ, మనం చేయవలసిందల్లా వారి పటాలకు దండలు వేయడమేననీ భావించేది మొదటి ధోరణి. రెండవది కార్యాలయ ధోరణి. దాని దృష్టిలో గ్రంథాలయం ప్రభుత్వ శాఖలలో ఒక శాఖ. ఇన్ని పుస్తకాలు, ఇందరు సభ్యులు, ఇంత ఖర్చు అని ఏడాదికొకసారి లెక్క అప్పజెప్పితే దాని ప్రయోజనం నెరవేరినట్టే. పైకి ఈ రెండింటికీ పొత్తు లేనట్టు కనిపిస్తుంది కాని, ఒక విషయంలో మాత్రం రెండూ ఏకీభవిస్తాయి. రెండింటిలోనూ పాఠకునికి చోటు లేదు. ఒకదానిలో అతను భక్తుడు, మరొకదానిలో అంకె. చదివేవాడు గ్రంథాలయాన్ని ఏం చేశాడు, గ్రంథాలయం అతన్ని ఏం చేసింది అన్న ప్రశ్న వేయకుండా గ్రంథాలయోద్యమ చరిత్ర రాయడం సాధ్యం కాదని నా అభిప్రాయం.

హైదరాబాదు నగరాన్నే తీసుకుందాం. 1891లో నిజాం ప్రభుత్వం అసఫియా గ్రంథాలయాన్ని స్థాపించింది. అరబ్బీ, పారశీక, ఉర్దూ గ్రంథాల సంపదలో అది సామాన్యమైనది కాదు. ఈనాడు అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా నిలిచి ఉన్నది అదే. పదేళ్ల తర్వాత, 1901లో, అదే నగరంలో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. మొదటిదానికి ఖజానా ఉంది, రెండవదానికి చందాలున్నాయి. ఒకటి పాలకుల భాషలకు నిలయమైతే మరొకటి జనసంఖ్యలో పెద్దదై, కచేరీలోనూ బడిలోనూ గౌరవం లేని భాషకు నిలయం. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం, 1905లో సికిందరాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వచ్చాయి. ఈ పేర్లను గమనించండి. గ్రంథాలయమని ఊరుకోకుండా ‘భాషా నిలయం’ అన్నారు. పుస్తకాలు దాచుకోవడంకంటె, తెలుగు మాట్లాడేవాడు తలెత్తుకొని కూర్చునే చోటు సంపాదించుకోవడం వారికి ముఖ్యమైంది.

ఇటు సర్కారు జిల్లాలలో కథ మరొక విధంగా నడిచింది. 1910లో బరోడా సంస్థానంలో సయాజీరావు గాయక్వాడు తన ఆజ్ఞతో, తన ధనంతో ఊరూరా గ్రంథాలయాలు పెట్టించాడు. అది మెచ్చదగిన పనే. కాని అది పైనుండి దిగివచ్చినది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని స్థాపించినప్పుడు వారి వెనుక రాజూ లేడు, ఆజ్ఞా లేదు. అప్పటికే పల్లెల్లో, చిన్న పట్టణాల్లో తమంత తాము పుట్టుకొచ్చిన పఠనమందిరాలు ఒకదానినొకటి పలకరించుకున్నాయి, అంతే. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం గాని, పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా కాలువమీద నడిపిన పడవ గ్రంథాలయం గాని ఈ స్వభావానికి నిదర్శనాలు. పుస్తకం దగ్గరికి మనిషి రాలేకపోతే మనిషి దగ్గరికే పుస్తకం వెళ్లాలన్న ఆలోచన ఏ సర్కారు ఉత్తర్వులోనుంచో రాలేదు. కాలువగట్టు మీది ఊళ్ల జీవితం తెలిసినవారికి తట్టిన ఆలోచన అది.

అయితే ఈ ఉద్యమాన్ని మొత్తంగా ‘ప్రజల ఉద్యమం’ అని పొగిడి ఊరుకుంటే విమర్శకుని బాధ్యత తీరదు. దాని వర్గ స్వభావాన్ని కూడా చూడాలి. భాషా నిలయ స్థాపకులలో కొమర్రాజు లక్ష్మణరావు వంటి మహా పండితుడున్నాడు, ఆయనకు అండగా మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు ఉన్నాడు. విజ్ఞాన చంద్రికా మండలి 1906లో పుట్టడానికి కూడా వీరి సహకారమే మూలం. చరిత్ర, జీవచరిత్ర, ప్రకృతి శాస్త్రాలు తెలుగు వచనంలో సామాన్య పాఠకునికి అందించిన ఆ గ్రంథమాల చేసిన మేలు ఇంతా అంతా కాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర దాని మొదటి గ్రంథం. బానిసల విముక్తి కథ తెలుగు పాఠకుని చేతికి అలా వచ్చింది. అదే మునగాల పరగణాలో 1930లలో రైతులు వెట్టికీ, అక్రమ వసూళ్లకూ వ్యతిరేకంగా అదే జమీందారుపై తిరగబడ్డారు. విద్యాదాత, భూస్వామి ఒకే మనిషి. దండలు వేసే చరిత్రకారులు ఈ రెండవ సగం చెప్పరు. కోపంతో రాసేవారు మొదటి సగం మరిచిపోతారు. మనం రెండూ చెప్పాలి. అభివృద్ధి చెందుతున్న మధ్యతరగతికి, కొందరు విద్యావంతులైన జమీందార్లకు భాష విషయంలో ప్రజలతో సమాన ప్రయోజనం ఉంది, భూమి విషయంలో లేదు. గ్రంథాలయోద్యమం బలమూ బలహీనతా ఆ ఒక్క వాస్తవంలోనే ఉన్నాయి.

ఇక్కడే పాఠకుని పాత్ర మొదలవుతుంది. పెట్టినవారు భాషాభిమానంతో పెట్టారు. వచ్చినవారు ఇంకా చాలా వెతుక్కున్నారు. నిజాం రాష్ట్రంలో సభ జరపడానికి అనుమతి, ప్రైవేటు బడి పెట్టడానికి అనుమతి కావలసి ఉండేది. రాజకీయం పేరెత్తడానికి వీలు లేని చోట గ్రంథాలయం తప్ప నలుగురు కలుసుకొనే చోటేది? 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం తన ఆశయాలలో గ్రంథాలయాలు, పఠనమందిరాలు స్థాపించడం చేర్చుకున్నదంటే కారణం ఇదే. పత్రిక వచ్చేది, చదవగలిగినవాడు పైకి చదివేవాడు, చదవలేని పదిమంది వినేవారు. వినడం చర్చగా, చర్చ సంఘంగా మారింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగినాటికి దానికి కావలసిన కార్యకర్తలు గ్రంథాలయాలలో తయారై ఉన్నారు. ఆ తర్వాత పదిహేనేళ్లలో ఆ మహాసభ భూమి సమస్యను ఎత్తుకొని ఎక్కడిదాకా నడిచిందో మన పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు.

ఈ పరిణామాన్ని తన జీవితంలో మూర్తీభవింపజేసిన మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. హోటలులో పనిచేసి, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్ది, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకొని ఊళ్లు తిరిగి అమ్మిన మనిషి ఆయన. జైళ్లు చూశాడు. ‘ప్రజల మనిషి’ నవల రాశాడు. తెలంగాణ గ్రామంలో దేశముఖు దౌర్జన్యాన్ని అంత దగ్గరగా చూపగలగడానికి కేవలం సాహిత్య ప్రతిభే కారణమని నేను అనుకోను. ఏ ఊళ్లో ఎవరు ఏ పుస్తకం అడిగారో, ఎవరు కొనలేక తిరిగి ఇచ్చేశారో తెలిసిన రచయిత ఆయన. తన పాఠకుని ముఖం ఎరిగి రాసిన వచనానికీ, పాఠకుణ్ణి ఊహించుకొని రాసిన వచనానికీ తేడా ఉంటుంది. ఆధునిక తెలుగు వచనం పండిత పరిషత్తులకన్నా గ్రంథాలయపు బల్లల దగ్గర ఎక్కువ పదునెక్కిందని నేనంటే అతిశయోక్తి కాదు. పైకి చదివితే పదిమందికీ అర్థం కావాలన్న నిర్బంధం వ్యావహారిక భాషకు ఏ వాదమూ ఇవ్వలేని బలాన్నిచ్చింది.

దీని లోపాలు కూడా చెప్పుకోవాలి. ఊరి గ్రంథాలయం ఊళ్లోనే ఉండేది, వాడలో కాదు. తలుపుమీద నిషేధమేమీ రాసి ఉండనక్కరలేదు. ఆ వీధిలోకి రావడానికే జంకవలసిన మనిషికి తెరిచిన తలుపు కూడా మూసిన తలుపే. పగలంతా పొలంలో, రాత్రంతా పొయ్యి దగ్గర ఉన్న ఆడమనిషికి అరుగుమీది పఠనమందిరం ఎంత అందుబాటులో ఉంటుందో వేరే అడగాలా? బీరువాలలో పురాణాలకు, శతకాలకు దొరికిన చోటు కూలివాని జీవితం చెప్పే పుస్తకానికి దొరకడానికి చాలా కాలం పట్టింది. అటువంటి పుస్తకాలే అప్పటికి తక్కువ అన్నమాట నిజమే. కాని చదివేవారిలో ఎవరు లేరో, రాసేవారిలో కూడా వారే లేరన్నది అంతకంటె నిజం.

స్వాతంత్ర్యానంతరం చట్టాలు వచ్చాయి. ఎస్.ఆర్. రంగనాథన్ కృషితో 1948లో మద్రాసు శాసనసభ చేసిన పౌర గ్రంథాలయ చట్టం స్వతంత్ర భారతంలో ఈ తరహా చట్టాలలో మొదటిది. 1955లో హైదరాబాదు రాష్ట్రానికి వేరొక చట్టం వచ్చింది. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం రెండు ప్రాంతాలకూ ఒకే ఏర్పాటు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలను నెలకొల్పింది. 2014లో రాష్ట్రం రెండైనా ఏర్పాటు మౌలికంగా అదే. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. ఇది చిన్న విషయం కాదు. పెంకుటింటివాడు కూడా గ్రంథాలయానికి చందాదారుడైనాడు. దాతల దయ అవసరం లేకుండా పోయింది. చట్టాన్ని చులకనగా మాట్లాడేవారితో నేను ఏకీభవించను.

కాని చట్టం ఒక చేత్తో డబ్బిచ్చి మరొక చేత్తో హక్కు తీసుకుంది. పన్ను కట్టేది ప్రజలు. సంస్థ అధ్యక్షుణ్ణి నియమించేది ప్రభుత్వం. అధికారంలో ఉన్న పార్టీలో పదవి దక్కనివారికి ఓదార్పుగా ఇచ్చే కుర్చీలలో అదొకటి అయింది. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే అధికారులే పాలిస్తారు. ఇక వసూలైన పన్ను సంగతి. పురపాలక సంఘాలూ, పంచాయతీలూ దాన్ని ప్రజల దగ్గర వసూలు చేస్తాయి, గ్రంథాలయ సంస్థకు జమచేయడంలో మాత్రం జాప్యం చేస్తాయి. బకాయిల వార్తలు పత్రికలలో ఏటా చదువుతూనే ఉన్నాం. పుస్తకాలకోసం ఇచ్చిన పైసలు వేరే ఖర్చులకు పోతుంటే అడిగే పాఠకుల సంఘమే లేదు. పూర్వం చందా ఇచ్చినవాడు సంవత్సరాంతాన సర్వసభ్య సమావేశంలో లేచి లెక్క అడిగేవాడు. ఆ హక్కు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

ఈనాడు జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళితే కుర్చీ దొరకదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం సంగతి అందరికీ తెలిసిందే. పోటీ పరీక్షలకు చదివే యువకులూ, యువతులూ తెల్లవారేసరికి వచ్చి చెట్లకింద, మెట్లమీద కూర్చుంటారు. ఇది చూసి కొందరు సాహిత్యాభిమానులు పెదవి విరుస్తారు: ‘వీళ్లు పాఠకులా, గైడ్లు బట్టీపట్టేవాళ్లు’ అని. ఈ ఈసడింపులో నాకు పాత అహంకారమే వినిపిస్తుంది. ఇరుకు గదిలో అద్దెకుంటూ, చదువుకోవడానికి దీపమూ, బల్లా, నిశ్శబ్దమూ లేక వచ్చిన కూలివారి బిడ్డలు వారు. ఒకనాడు ఆ అరుగు ఎక్కలేకపోయినవారి మనుమలూ మనుమరాళ్లూ ఇప్పుడు ఆ బల్లల ముందు కూర్చున్నారు. గ్రంథాలయ చరిత్రలో ఇంతకు మించిన విజయం నాకు కనిపించదు. నిందించవలసింది వారికి ఉద్యోగాలు చూపలేని వ్యవస్థనూ, ఆ బల్లకు నాలుగడుగుల దూరంలో బీరువాకు తాళం వేసిన పద్ధతినీ. పుస్తకం వాడుక కోసమేనన్నది రంగనాథన్ చెప్పిన శాస్త్రానికి మొదటి మెట్టు. తాళం వేసిన బీరువా ఆ మొదటి మెట్టునే కూలదోస్తుంది.

చేతిలో ఫోను ఉండగా గ్రంథాలయం దేనికన్న వాదం కూడా వింటున్నాం. ఫోను ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చూపుతుంది, అమ్మేవాడు ఎంచింది చూపుతుంది. అక్కడ నలుగురు కలిసి కూర్చుని ఒకే వార్తను చదివి వాదించుకునే అవకాశం లేదు. గ్రంథాలయానికి ఉన్న విలువలో సగం పుస్తకాలది కాగా మిగతా సగం పక్క కుర్చీది.

కాబట్టి అభ్యుదయ రచయితలూ, ఉపాధ్యాయులూ, విద్యార్థులూ పట్టుకోవలసిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, ఎంత జమ అయింది అన్న లెక్క ప్రతి శాఖలోనూ గోడమీద అంటించాలని అడగాలి. పుస్తకాల ఎంపికలోనూ, సంస్థ పాలనలోనూ పాఠకులు ఎన్నుకున్న ప్రతినిధులుండాలని అడగాలి. కొత్త శాఖ పెట్టేటప్పుడు వాడలో పెట్టమని అడగాలి. ఇక రచయితలుగా మనకు వేరొక పని ఉంది. పరీక్ష పుస్తకం ముందు కూర్చున్న ఆ అమ్మాయి ఒక గంట దాన్ని పక్కన పెట్టి చదవదగిన పుస్తకం మనం రాస్తున్నామా? ఆమె ఊరూ, ఆమె తల్లి కూలిరేటూ, ఆమె భయమూ ఆశా మన కథల్లో ఉన్నాయా? ఉంటే అవి ఆమెకు అర్థమయ్యే తెలుగులో ఉన్నాయా? గ్రంథాలయం ఎవరిదన్న ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబు కోసం పోరాడుతూనే, సాహిత్యం ఇవ్వవలసిన జవాబును మనం బాకీ పెట్టకూడదు.