హాజరుపట్టీలో లేనిది

2020 మార్చిలో బడులు మూతపడిన నాటి సంక్షోభాన్ని గురించి ఉపాధ్యాయులు రాసిన కథలు, కవితలు కొన్ని చదివాను. వాటిలో కన్నీరు ఉంది, ఆగ్రహం ఉంది. దినచర్య లేదు. ఇది చిన్న లోపం కాదు.

2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు పొందిన ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆ అంకెలు ప్రభుత్వ కాగితాల్లో ఎలాగూ ఉంటాయి. బియ్యం వరుసలో నిలబడిన అయ్యవారికి తన విద్యార్థి తండ్రి ఎదురైతే ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఏ కాగితంలో ఉంటుంది? అది రాయవలసినవాడు ఆ అయ్యవారే.

కాళీపట్నం రామారావుగారు దశాబ్దాలపాటు విశాఖలో బడిపంతులు. ‘యజ్ఞం’ బలం నినాదంలో లేదు, అప్పు పెరిగిన వైనాన్ని ఓపికగా విప్పి చూపడంలో ఉంది. మనవాళ్ళు ఆయన ఆగ్రహాన్ని తీసుకున్నారు, లెక్కను వదిలేశారు.

ఇతరులను అని ఏం లాభం? బైరెడ్డిపల్లెలో నేనూ ఒక నోటుబుక్కు మొదలుపెట్టాను. నాలుగో రోజుకే అది ఉపన్యాసమైంది. ‘శ్రామిక ప్రజలు’ అని పుటకు రెండుసార్లు రాశాను గాని, టమోటా తోటకు పోయిన నా ఏడో తరగతి పిల్లకు కూలి ఎంతిచ్చారో రాయలేదు. అడగనే లేదు. బడి తెరిచాక ఆమె పేరెదుట గైర్హాజరు గుర్తులు మాత్రం ఒక్క తేదీ తప్పకుండా వేశాను.