కాలు తీసే విద్య

1988 జనవరి, సహారా ఎడారి. పారిస్–డాకర్ ర్యాలీలో ఆరి వాటనెన్ తన ప్యూజో 405 కారును నేలకు ఆనీ ఆనకుండా పరిగెత్తిస్తున్నాడు. హెలికాప్టర్ నుంచి తీసిన ఆ వీడియోలో కారు పక్కకు దుమ్ము లేపుకుంటూ ఒక లారీ వస్తుంది. వచ్చి, కారును దాటేసి పోతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన యాన్ డి రోయ్ నడిపిన డాఫ్ లారీ అది. బరువు పది టన్నుల పైమాట. లోపల రెండు ఇంజన్లు, రెంటి బలం కలిపి వెయ్యి హార్స్‌పవర్‌కు పైనే. వేగం గంటకు 200 కిలోమీటర్ల దరిదాపుల్లో. లారీ అంటే ఇష్టమున్న వాళ్లు ఆ అర నిమిషాన్ని ఇప్పటికీ మళ్లీ మళ్లీ వేసుకుని చూస్తుంటారు. నేనూ చూశాను.

వీడియోలో లేనిది ఆ తర్వాతి సంగతి. అదే ర్యాలీలో అదే జట్టు రెండో లారీ అదుపు తప్పి పల్టీలు కొట్టింది. దారి చెప్పే కేస్ వాన్ లూవెజైన్ సీటుతో సహా బయటికి విసిరినట్టు పడి చనిపోయాడు. డి రోయ్ పోటీలోంచి తప్పుకున్నాడు. మరుసటి ఏడాది ర్యాలీలో లారీలకు పోటీయే పెట్టలేదు. ఇక 1988 లారీ టైటిల్ ఎవరికి దక్కిందంటే, చెకోస్లోవేకియా నుంచి టాట్రా 815 తోలుకొచ్చిన కారెల్ లోప్రాయిస్‌కి. టాట్రా ఫ్యాక్టరీలో టెస్ట్ డ్రైవరాయన. ఆ తర్వాత 1994, 1995, 1998, 1999, 2001లలో మరో ఐదుసార్లు గెలిచాడు.

అసలు ఈ పోటీకి లారీలు వచ్చిందే చాకిరీ చేయడానికి. థియరీ సబీన్ మొదలుపెట్టిన మొదటి ర్యాలీ 1978 డిసెంబరు 26న పారిస్‌లో బయల్దేరింది. కార్లకూ మోటారు సైకిళ్లకూ టైర్లు, గేరుబాక్సులు, ఇంధనం ఎవరో ఒకరు మోయాలి కదా. మోసే లారీ ఇసుకలో కూరుకుపోతే దాని మీద ఆధారపడ్డ కార్లకు ఆ రాత్రి గతి లేదు. అందుకని ఆ డ్రైవర్లు నేర్చిన మొదటి పాఠం ముందు పోవడం గురించి కాదు, చేరడం గురించి. 1980 నుంచి లారీలకు విడిగా పోటీ పెట్టారు. పోటీ వచ్చినా ఆ పాత పాఠం పోలేదు. పోయిన చోట ఏం జరిగిందో పైన చెప్పుకున్నాం.

ఆ పాఠానికి అక్షరాభ్యాసం టైరులో గాలి. తారురోడ్డు మీద వంద పౌండ్లకు పైగా నింపే లారీ టైరును ఇసుక దిబ్బల దగ్గర పాతిక ముప్ఫై పౌండ్ల దాకా దించేస్తారు. గాలి తగ్గితే టైరు పక్కలకు ఉబ్బుతుందని మనం అనుకుంటాం. నిజానికి అది ఎక్కువగా పొడుగునా పరుచుకుంటుంది. ఏనుగు పాదం కాస్తా పడవ అడుగులా అవుతుందన్న మాట. బరువు పంచుకున్న ఇసుక లారీని మోస్తుంది. ఈ సుఖానికి ఖరీదుంది. మెత్తబడ్డ టైరు గోడను ఒక్క పదునైన రాయి చీల్చేస్తుంది, గట్టిగా మలుపు తిప్పితే టైరు రిమ్ము వదిలేస్తుంది. దిబ్బలు దాటగానే రాళ్ల నేల, రాళ్లు దాటగానే మళ్లీ దిబ్బలు. ప్రతిసారీ గాలి తియ్యాలి, పట్టాలి. ఇప్పటి లారీల్లో క్యాబిన్‌లో కూర్చునే, బండి నడుస్తుండగానే ఆ పని చేసే ఏర్పాటుంది. అది సాధారణంగా మూడో మనిషి పని. డ్రైవరు, దారి చెప్పేవాడు, మెకానిక్కు, ఇలా ఒక్కో లారీలో ముగ్గురుంటారు. మన లారీల్లో క్లీనరు ఎడమ కిటికీలోంచి చెయ్యి చాపి చేసే కాపలా అక్కడ మెకానిక్కు మీటర్లు చూస్తూ చేస్తాడు.

కరీంనగర్ దగ్గర మా చిన్నాయన ఒకాయన సౌదీలో పదకొండేళ్లు నీళ్ల ట్యాంకరు నడిపి వచ్చాడు. 2020 నుంచి డాకర్ ర్యాలీ సౌదీ అరేబియాలోనే జరుగుతోందని చెబితే పెద్దగా పట్టించుకోలేదు గానీ, ఇసుక మాట ఎత్తగానే మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఇసుకల బండి దిగవడ్డదంటే ముందుగాల అక్సిలేటర్ మీదికెళ్లి కాలు తియ్యాలె. ఇంకింత తొక్కినవనుకో, నీ బొంద నువ్వే తోడుకున్నట్టు." ఖాళీగా తిరిగే చక్రం ఇసుకను వెనక్కి చిమ్ముతుంది, యాక్సిలు నేలకు ఆనుతుంది, ఆ తర్వాత ఏ ఇంజనూ పనికిరాదు. వచ్చిన జాడలోనే రివర్సులో వెనక్కి రావాలి. ఆ జాడలో ఇసుక అప్పటికే కుదురుకుని ఉంటుంది. అదీ కుదరకపోతే పార. ఎనిమిదిన్నర టన్నుల లారీ కింద మిట్టమధ్యాహ్నం పార పట్టుకున్న వాడికి ఇంకెప్పుడూ ఆ పొరపాటు చేయబుద్ధి కాదు.

దిబ్బ ఎక్కడంలో ఉన్న సూక్ష్మం కూడా కాలు తీయడమే. గాలి వచ్చే వైపు వాలు తక్కువ, ఇసుక గట్టి. అవతలి వైపు దిగుడు 30 డిగ్రీల పైనే, ఇసుక పిండిలా ఉంటుంది. ఊపు లేకుండా ఎక్కితే బండి సగంలో ఆగిపోతుంది. మరీ ఊపుతో ఎక్కితే నెత్తి మీద నుంచి గాల్లోకి లేచి, ముక్కు అవతలి పల్లంలో గుచ్చుకుంటుంది. మధ్యలో ఒక క్షణం ఉంది: ముందు చక్రాలు నెత్తి దాటుతుండగా కాలు తీసి, బండిని దాని బరువుకే వదిలేసే క్షణం. అంతకు ముందే తీస్తే పొట్ట దిబ్బ నెత్తిన ఆనుకుని చక్రాలు గాల్లో తేలతాయి. దిగేటప్పుడు నేరుగా దిగాలి. కాస్త అడ్డం తిరిగినా ఎత్తైన బండి దొర్లిపోతుంది. ఇదంతా నీడలు పొడుగ్గా ఉండే ఉదయం పూట మాట. సూర్యుడు నెత్తి మీదికొచ్చాక దిబ్బకూ పల్లానికీ తేడా కనపడదు, అంతా ఒకే తెల్లటి గుడ్డ పరిచినట్టు ఉంటుంది. అనుభవమున్న డ్రైవర్లు ఆ వేళకు వేగం తగ్గించేది అందుకే.

విరిగేవి అన్నీ దిబ్బల్లోనే విరగవు. మారిటానియాలో ఒంటెగడ్డి నేలలుంటాయి. గడ్డి దుబ్బు చుట్టూ ఇసుక చేరి గట్టిపడి మోకాలెత్తు గుట్టలు వేలకొద్దీ. వాటి మీద గంటల తరబడి పోతుంటే షాక్ అబ్జార్బర్లలో నూనె కాగి పలచబడి, పట్టు వదిలేస్తుంది. అందుకే పోటీ లారీలో చక్రానికి రెండేసి షాక్ అబ్జార్బర్లు. స్ప్రింగుల దగ్గర మాత్రం చాలా జట్లు మన లారీల్లాగే కమాన్ కట్టలనే నమ్ముకున్నాయి. కట్టలో ఒక పట్టీ విరిగినా మిగతావి పట్టుకుని బండిని సాయంత్రానికి గూడు చేరుస్తాయి. టాట్రాది వేరే దారి. 1923లో హాన్స్ లెడ్వింకా గీసిన టాట్రా 11 కారు నుంచీ వాళ్ల బండికి వెన్నెముక లాంటి ఒకే గొట్టం ఉంటుంది. చక్రాలకు శక్తినిచ్చే షాఫ్టు ఆ గొట్టం లోపలే తిరుగుతుంది. మామూలు లారీ చాసిస్ గతుకుల్లో మెలి తిరిగిన చోట పగుళ్లు పడతాయి. గొట్టం అంత తేలిగ్గా మెలి తిరగదు. మన సైన్యంలో పినాక రాకెట్లు మోసే లారీలదీ ఇదే వంశం, బీఈఎంఎల్ తయారుచేసినవి.

ఇనుముకు ఇన్ని ఉపాయాలు దొరికాయి. మనిషి వెన్నుపూసకు దొరకలేదు. దిబ్బ దిగుతూ ముక్కు గుచ్చుకున్న లారీ చాలాసార్లు బంపరు వంచుకుని బాగానే ఉంటుంది, లోపలి వాళ్లను మాత్రం హెలికాప్టర్‌లో ఆసుపత్రికి పంపాల్సి వస్తుంది. కారణం కూర్చున్న చోటు. చదును ముఖం లారీలో మనుషులు ముందు యాక్సిలుకు పైన, దానికన్నా ముందుకు ఉంటారు. దెబ్బ మొదట వాళ్ల నడుముకే తగులుతుంది. డి రోయ్ కొడుకు గెరార్డ్ 2016లో గెలిచిన ఇవెకో పవర్‌స్టార్‌కు పాతకాలం బెడ్‌ఫోర్డ్ లారీలా ముందు బానెట్టు ఉంది. మనుషులు యాక్సిలుకు వెనక్కి జరిగారు. తండ్రి బండికి రెండో ఇంజను తగిలించాడు, కొడుకు సీటు వెనక్కి లాగాడు. ఇప్పుడు నిబంధనలు కూడా లారీ వేగాన్ని గంటకు 140 కిలోమీటర్లకు కట్టేశాయి.

వేగంలో ఎవరికీ తీసిపోని వాడు వ్లదీమిర్ చాగిన్. రష్యాలోని నాబెరెజ్నియె చెల్నీ ఊరి కమాజ్ లారీ మీద ఏడుసార్లు గెలిచాడు, లోప్రాయిస్ కన్నా ఒకటి ఎక్కువ. 2022 వరకు కమాజ్ మొత్తం 19 సార్లు గెలిచింది. ఆ గెలుపుల్లో జట్టుతనం పాలు పెద్దది: ఒకే జట్టు లారీలు మూడు నాలుగు దగ్గరదగ్గరగా పోతుంటాయి, ఒకటి విరిగితే వెనక వచ్చేది ఆగి తన విడిభాగం ఇచ్చి పోతుంది. బయటి మెకానిక్కుల సాయం నిషేధించే మారథాన్ రాత్రుల్లో ఆ ముగ్గురే లారీ కింద దూరి, సుత్తితో బోల్టులు తట్టి చూస్తారు. బిగువుగా ఉన్నది కంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది.

ఈ ర్యాలీని పూజించమని నేను అనను. ఆఫ్రికా పల్లెల్లో దారి పక్కన నిలబడ్డ పిల్లలు దీని కింద పడి చనిపోయారు. ఆ లెక్క ముందు ఏ నైపుణ్యమూ నిలబడదు. అయినా ఎడారి లారీ డ్రైవర్ల చేతిలో ఒక విద్య ఉంది, అది పోటీకన్నా పాతది, పోటీ లేకపోయినా ఉండేది.

ఆ 1988 వీడియో చిన్నాయనకు ఫోన్‌లో చూపించాను. లారీ కారును దాటింది. ఆయన రెండోసారి వెయ్యమన్నాడు. వేగం గురించి ఏమైనా అంటాడని చూశాను. కళ్లజోడు సర్దుకుని, క్యాబిన్ దగ్గర వేలు పెట్టి అడిగాడు: "అండ్ల క్లీనర్ యాడ కూసుంటడు?"