లాగుడు అతుకు దాకా రాకూడదు

మోడల్ రైలు ఆగిపోతుంది. దాన్ని నడిపే కంట్రోలర్ వెనక వైరును వేలితో కాస్త కదిపితే నడుస్తుంది. వదిలేస్తే మళ్లీ ఆగుతుంది. ఈ జబ్బు పేరు మన ఇళ్లలో అందరికీ తెలుసు: లూజ్ కాంటాక్ట్. దానికి మనం చేసే వైద్యమూ తెలిసిందే. కరెంటు అందే కోణంలో వైరును వంచి, టేపు చుట్టి, ‘దాన్ని ముట్టుకోవద్దు’ అని ఇంటిల్లిపాదికీ చెప్పేస్తాం. బ్రిటన్‌లో మోడల్ రైళ్ల సరదా ఉన్నవాళ్లు ఇదే జబ్బుతో దశాబ్దాలుగా కుస్తీ పడుతున్నారు. వాళ్ల చేతుల్లో ఈ చిన్న మరమ్మతు ఒక క్రమమున్న విద్యగా తయారైంది. వైరు అతికించడం అందులో తేలికైన భాగం. అతికించడానికి ముందు ఎక్కడ, ఎందుకు తెగిందో తేల్చాలి. అతికించాక మళ్లీ తెగకుండా ఏర్పాటు చేయాలి. కష్టమంతా ఆ రెండింటిలోనే.

డబ్బాలో ఏముంది

మెకానో బొమ్మలతో పేరు తెచ్చుకున్న లివర్‌పూల్ వ్యాపారి ఫ్రాంక్ హార్న్‌బీ కంపెనీ 1920లో కీ ఇస్తే నడిచే రైళ్లు తెచ్చింది. 1938లో ‘హార్న్‌బీ డబ్లో’ పేరుతో భోజనాల బల్ల మీద పట్టేంత చిన్న రైళ్లను అమ్మకానికి పెట్టింది. అసలు బండిలో ఒక అడుగు ఉన్నది వీటిలో 4 మిల్లీమీటర్లు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఇంజన్‌కు కావాల్సింది 12 వోల్టుల డీసీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో మోడల్ రైళ్లకు ఆ 12 వోల్టులే ఆనవాయితీ అయ్యాయి. 1949లో మొదలైన ‘రైల్వే మోడలర్’ పత్రికకు చాలాకాలం సంపాదకుడిగా ఉన్న సిరిల్ ఫ్రీజర్ ఈ రైళ్ల వైరింగ్ మీద విడిగా పుస్తకమే రాశారు.

కంట్రోలర్ చేసే పని చెప్పుకుంటే సులువే. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టుల ఏసీని సుమారు 16 వోల్టులకు దించుతుంది. రెక్టిఫయర్ దాన్ని డీసీగా మారుస్తుంది. నాబ్ తిప్పితే పట్టాలకు వెళ్లే వోల్టేజీ, దాంతోపాటు బండి వేగం మారతాయి. స్విచ్ వేసి ప్లస్, మైనస్‌లను తారుమారు చేస్తే బండి వెనక్కి నడుస్తుంది. ఈ దారి పొడవునా ప్రతి మజిలీలో ఒక అతుకో, ఒక స్క్రూవో ఉంటుంది. హామంట్ అండ్ మోర్గాన్ వారి ‘డ్యుయెట్’ లాంటి పాత పెట్టెల్లో రెండు బళ్లను వేర్వేరుగా నడిపే ఏర్పాటు ఉండేది కాబట్టి అతుకులూ ఆ మేరకు ఎక్కువే. అలాంటివి ఇప్పటికీ పనిచేస్తున్నాయంటే, వాటిని విప్పి బాగుచేసే వీలుండడం దానికి ఒక పెద్ద కారణం.

ముందు జాడ తీయాలి

బండి ఆగినంత మాత్రాన తప్పు కంట్రోలర్‌దే కానక్కర్లేదు. పట్టాలు మురికిపట్టి ఉండొచ్చు, ఇంజన్ చక్రాలకు కరెంటు అందకపోవచ్చు. అందుకని పట్టాలకు వెళ్లే రెండు వైర్లూ విప్పేసి, కంట్రోలర్ టెర్మినళ్లకు 12 వోల్టుల, 5 వాట్ల బల్బు తగిలిస్తారు. నాబ్ పూర్తిగా తిప్పినప్పుడు బల్బు నిలకడగా వెలిగితే కంట్రోలర్ నిర్దోషి. మినుకుమినుకుమంటే జబ్బు పెట్టెలోనే ఉంది.

చేతిలో మల్టీమీటర్ ఉండగా బల్బు ఎందుకు? మీటరు దాదాపుగా కరెంటు తీసుకోదు. తెగిన వైరులో ఒక పోగు కొస అలా ఆని ఉన్నా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. బల్బు 0.4 ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి బండారం బయటపడుతుంది. వదులైన అతుకు దగ్గర 2 ఓమ్‌ల అడ్డు ఉందనుకుందాం. ఒక ఆంపియరు తీసుకునే ఇంజన్‌కు 2 వోల్టులు తక్కువ చేరతాయి. పోయిన ఆ 2 వాట్లూ సూదిమొనంత చోట వేడిగా మారతాయి. వైరు తొడుగు ఒకచోట మాత్రమే మాడినట్టు గోధుమరంగుకు తిరిగిందంటే వెతుకుతున్న చోటు చాలావరకు దొరికినట్టే.

మోసపోయే సందర్భం ఒకటుంది. చాలా కంట్రోలర్లలో, పట్టాల మీద షార్ట్ అయి ఎక్కువ కరెంటు పారినప్పుడు వేడెక్కి సరఫరా ఆపే కటౌట్ ఉంటుంది. చల్లారాక అది మళ్లీ కరెంటు వదులుతుంది. ఇలా ఆగి ఆగి నడవడం చూసి లూజ్ కాంటాక్ట్ అనుకుని పెట్టె విప్పేవాళ్లుంటారు. గుర్తు తేలికే. లూజ్ కాంటాక్ట్ చెయ్యి తగిలినప్పుడు మారుతుంది. కటౌట్ ఎవరూ ముట్టుకోకపోయినా కొంతసేపటికి తనంతట తనే మారుతుంది.

తర్వాతి మెట్టు కదిపి చూడడం. బల్బు వెలుగుతుండగా దాని వైపు నుంచి పెట్టె దాకా వైరును అంగుళం అంగుళం వంచుతూ వస్తారు. ఎక్కడ వెలుగు అదిరితే అక్కడే తెగుదల. ఈ పరీక్ష 12 వోల్టుల వైపు మాత్రమే. గోడ ప్లగ్గుకు వెళ్లే వైరును కరెంటు ఉండగా ఇలా కదపకూడదు.

పాత పెట్టెల్లో 230 వోల్టులు లోపలికే వస్తాయి. ప్లగ్గు పీకి, కంటికి కనిపించేలా బల్ల మీద పెట్టుకున్నాకే మూత విప్పాలి. లోపల పాతకాలపు బ్రిటిష్ వైరు ఉంటే ఫేజ్ ఎరుపు, న్యూట్రల్ నలుపు, ఎర్త్ ఆకుపచ్చ. నేడు అక్కడ వాడే వైర్లలో ఇవి వరుసగా గోధుమ, నీలం, ఆకుపచ్చ-పసుపు. లండన్‌లో సెకండ్‌హ్యాండ్ పెట్టె కొన్న తెలుగువారికి ఎరుపు, నలుపు, ఆకుపచ్చ మన ఇంటి వైరింగులో చూసిన రంగులే. కానీ అక్కడ ఆ రంగులు ఉన్నాయంటే వైరు వయసు అర్ధ శతాబ్దం దాటిందని అర్థం. దాని రబ్బరు తొడుగు ఎండి, వంచితే పెళుసుగా రాలిపోవచ్చు. ఆ వైపు పని అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ దాటిన తర్వాతి భాగమే మన రాజ్యం.

అతుకు కుదిరేదెలా

ఏ వైరు ఎక్కడిదో విప్పకముందే ఫొటో తీసుకోవాలి. తెగిన కొసను శుభ్రమైన రాగి కనిపించేదాకా కత్తిరించి, తొడుగు వలిచి, పోగుల్ని మెలిపెడతారు. కొసకు విడిగా కాస్త టంకం పట్టించి, స్విచ్ కాడ రంధ్రంలోంచి దూర్చి కొక్కెంలా వంచుతారు. టంకం వేయకముందే వైరు తనంతట తాను నిలబడాలి. 60 పాళ్ల తగరం, 40 పాళ్ల సీసం కలిసిన టంకం 190 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతుంది. టంకం వేసే ఐరన్‌ను అతుకుకు ఆనించి, అతుకు వేడికి టంకం కరిగేలా చూడాలి. ఐరన్ మీద కరిగించి బొట్టుగా దించితే పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, లోపల పట్టు ఉండదు. గట్టిపడేలోగా వైరు కదిలినా అంతే. ఈ రకం టంకంలో మంచి అతుకు నున్నగా మెరుస్తుంది, చెడ్డది మసకగా, గరుకుగా ఉంటుంది. రేకు డబ్బాలు అతికే యాసిడ్ ఇక్కడ పనికిరాదు, క్రమంగా రాగిని తినేస్తుంది. రోసిన్ ఉన్న టంకమే వాడాలి.

స్క్రూ కింద బిగించే కొసలకు మాత్రం టంకం పెట్టకూడదు. టంకం మెత్తని లోహం. స్క్రూ ఒత్తిడికి మెల్లగా అణిగిపోయి, బిగింపు కొన్నాళ్లకు వదులవుతుంది. అక్కడ వట్టి రాగి పోగులైనా ఉండాలి, నొక్కి బిగించిన లోహపు తొడుగైనా ఉండాలి.

ఎందుకు తెగింది

వైరు అతికించి మూత వేసేస్తే జబ్బు తిరగబెడుతుంది. రాగిని పదేపదే వంచితే గట్టిపడి విరుగుతుంది. టంకం పోగుల మధ్యకు పాకి బిరుసెక్కిన భాగం, మెత్తని భాగం కలిసేచోట వంపంతా కేంద్రీకృతమవుతుంది. వైరు ఎక్కువగా తెగేది అక్కడే. నాబ్ దగ్గర తెగిందంటే అనుమానించాల్సింది వైరును కాదు, నట్టును. నాబ్ వెనక వోల్టేజీని మార్చే పొటెన్షియోమీటర్‌ను పట్టి ఉంచే నట్టు వదులైతే, నాబ్‌తోపాటు దాని ఒళ్లంతా తిరుగుతుంది. తిప్పిన ప్రతిసారీ వైర్లు మెలిపడతాయి. నట్టు బిగించకుండా వైరు అతికించిన మరమ్మతు ఎన్నాళ్లో నిలవదు.

పెట్టెలోకి వైరు వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ ఉండాలి, లోపలివైపు క్లాంపు వైరును గట్టిగా పట్టుకోవాలి. అప్పుడు ఎవరి కాలో తగిలి వైరు లాగినా ఆ బలం క్లాంపు దగ్గరే ఆగుతుంది. క్లాంపుకూ అతుకుకూ మధ్య వైరు కొంచెం వదులుగా ఉండాలి. ఇదే ఆలోచన ప్లగ్గులోనూ కనిపిస్తుంది. అక్కడ ఎర్త్ వైరును మిగతా రెండింటి కంటే పొడుగ్గా ఉంచుతారు. క్లాంపు ఓడిపోయి వైర్లు ఊడే పరిస్థితి వస్తే ముందు ఫేజ్, న్యూట్రల్ ఊడతాయి. ప్రాణం కాపాడే ఎర్త్ చివరిదాకా నిలుస్తుంది. తెగక తప్పనప్పుడు ఏది ముందు తెగాలో కూడా లెక్క వేసుకున్న పనితనమిది.

ఈ చదువు బల్ల దాటింది

అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు 1940లలో మొదలుపెట్టిన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్‌లో కొందరు ఇంజన్లకు రంగులు వేస్తే, మరికొందరు బల్ల కింద దూరి వైర్లు, టెలిఫోన్ రిలేలు చూసుకునేవారు. ఆ రెండో బృందం కుర్రాళ్లు తర్వాత ఎంఐటీలోని తొలితరం కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసినవారిలో ముందువరుసలో నిలిచారు. స్టీవెన్ లెవీ 1984లో ప్రచురించిన ‘హ్యాకర్స్’ పుస్తకం ఈ క్లబ్ కథతోనే మొదలవుతుంది. దారిని ముక్కలు చేసి, బాగున్న ముక్కను పక్కనపెట్టి, మిగిలినదాంట్లో వెతకడం రెండు పనులకూ ఒకటే. నేడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్న తెలుగువారు రోజూ చేసే డీబగ్గింగ్‌లోనూ ఉన్నది ఆ పద్ధతే.

1990ల నుంచి డిజిటల్ పద్ధతి విస్తరించింది. పట్టాల్లో కరెంటుతోపాటు ఆజ్ఞలు కూడా వెళ్తాయి, ఒకే పట్టా మీద ఒక్కో ఇంజన్‌ను విడిగా నడపొచ్చు. దీంతో లూజ్ కాంటాక్ట్ సమస్య తీరలేదు, ఇంకా ముదిరింది. పాత డీసీ ఇంజన్ క్షణంపాటు కరెంటు అందకపోతే చిన్న కుదుపుతో సాగిపోయేది. డిజిటల్ ఇంజన్‌లోని చిప్ అదే క్షణానికి ఆరిపోయి, మొదటినుంచి మొదలుపెట్టొచ్చు. అందుకే దానికి కెపాసిటర్ల ఆసరా పెడుతున్నారు. ఆ ఆసరా జబ్బును దాచగలదే కానీ నయం చేయలేదు. ఎంత ఖరీదైన కంట్రోలర్ కొన్నా దాని వెనక బిగించాల్సిన స్క్రూలు రెండు ఉంటాయి. వాటిని బిగించడం, వైరుకు క్లాంపు వేయడం నేర్చుకున్నవారికి కొత్త డబ్బా కొనాల్సిన అవసరం చాలాసార్లు రాదు.