థర్మాకోల్ పట్టుకున్న చేతులు

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 డిసెంబరులో ప్రారంభమైంది. బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ రూపమిచ్చిన ఆ గులాబీ గ్రానైట్ కమాను ముందు నిలబడితే ఎవరైనా హీరోయే. తార్నాక, ముషీరాబాద్ కుర్రాళ్లు ఆల్బమ్ సాంగ్ తీయాలనుకుంటే కన్ను దానిమీద పడకుండా ఉంటుందా!

తీరా షూటింగ్ రోజున మబ్బేస్తుంది. అప్పుడు చూడాలి లైట్‌మన్ పనితనం. థర్మాకోల్ షీటును ముఖానికి దగ్గరగా తెచ్చి, గడ్డం కింది నీడ పోయేదాకా అంగుళం అంగుళం తిప్పుతాడు. ఉన్నట్టుండి ఎండ కాస్తే, నెత్తిమీద తెల్లబట్ట పట్టి వెలుగును పలచన చేస్తాడు. భుజాలు లాగేస్తున్నా షీటు వణకదు.



స్లోమోషన్ షాటుకు ఇంకో తంటా ఉంది. కెమెరా సెకనుకు 48 ఫ్రేములు తీస్తుంటే పాటను రెట్టింపు వేగంతో వినిపించాలి. 24 ఫ్రేముల లెక్కన చూసినప్పుడు పెదాలు పాటకు కుదరాలంటే అదే దారి. ఆ వేగం ట్రాకును ముందుచూపుతో ఫోన్‌లో దాచుకున్న అసిస్టెంట్ డైరెక్టరే ఆ పూటకు దేవుడు. (అతనికి టీ మాత్రం ఆఖర్న అందుతుంది.)

పెద్ద సినిమా పాటల సంగతీ అంతే. 'నాటు నాటు'ను 2021లో కీవ్‌లో, మరీన్‌స్కీ ప్యాలెస్ ముందు తీశారు. 2023లో ఆ పాటకు ఆస్కార్ కీరవాణి, చంద్రబోస్‌లకు దక్కింది. లైట్లు మోసినవాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు? ఈసారి యూట్యూబ్‌లో పాట చూస్తే, చివర్లో గబగబా జారిపోయే పేర్లను ఒక్కసారి ఆపి చదవండి.